చేతులతో నేర్చుకునే పనులు: కిండర్‌గార్టెన్ తరగతికి ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

మాంటిస్సోరి తరగతుల్లో ఒక చెక్క దిమ్మె ఉంటుంది. దానికి పది గుంతలు, పిడి ఉన్న పది స్తంభాలు; ఒక్కో స్తంభం ఒక్కో గుంతకే సరిగ్గా సరిపోతుంది. ఒక స్తంభాన్ని దానికంటే పెద్ద గుంతలో పెట్టేస్తే చివరికి ఒకటి ఎక్కడా పట్టకుండా చేతిలో మిగిలిపోతుంది. టీచర్ నోరు విప్పనక్కర్లేదు. పిల్లలే వెనక్కి వెళ్లి, ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కుంటారు.

ఇక రెండో రకం పని చూడండి. టీచర్ ముందురోజే కత్తిరించి పెట్టిన కాగితపు చెవులు, ముక్కు, తోక ఇస్తారు; పిల్లలు జిగురు రాసి కుందేలు తయారుచేస్తారు. ఇరవై మంది దగ్గరా ఒకే కుందేలు. గోడకు అందంగానే ఉంటుంది. కానీ ఆలోచన, కొలత, కత్తిరింపు అన్నీ టీచరే చేసేశారు. పిల్లల చేతికి మిగిలింది జిగురు పూయడం ఒక్కటే. చెవి పక్కకు పోతే అది తప్పో కాదో చెప్పేది కూడా టీచరే.

తరగతికి ఏ సామాను కొనాలన్నా, ఏ పని పెట్టాలన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: పొరపాటు జరిగినప్పుడు ఆ సంగతి వస్తువే చెబుతుందా, టీచర్ చెప్పాలా? కూలిన గోపురం, ఒలికిన నీళ్లు, విరిగిన మట్టి తీగ తమంతట తామే జవాబు చెబుతాయి. ఆ జవాబు ఎంత వెంటనే, ఎంత స్పష్టంగా వస్తే ఆ పని అంత మేలు. కింద పోల్చినవన్నీ 4 నుంచి 6 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ కొలతతోనే పోల్చాం.

ముందు గదిని లెక్కేయండి

పెద్దవాళ్లు ఎంతమంది, కుళాయి ఎంత దూరం, నేల తడిస్తే ఏమవుతుంది, పిల్లలకు ఒకేచోట దొరికే సమయం ఎంత? ఈ నాలుగూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. ఇరవై మందికి ఒక్క టీచరే ఉంటే ఐదుగురేసి నాలుగు బృందాలు చేసి, ఒక్క బల్ల దగ్గర మాత్రమే తడి పనో, కత్తెర పనో పెట్టాలి. మిగతా మూడూ పెద్దవాళ్ల చేయి అక్కర్లేనివై ఉండాలి. రెండు తడి పనులు ఒకేసారి పెడితే టీచర్ ఆ గంటంతా గుడ్డతో తుడుస్తూనే ఉంటారు.

సమయం విషయంలో ఎక్కువమంది పొరబడతారు. పూసలు గుచ్చడానికి 15 నిమిషాలు చాలు. కట్టుడు దిమ్మెలకు 40 నిమిషాలైనా కావాలి. మొదటి పావుగంట మోసుకురావడానికి, ఎవరు ఎక్కడ కట్టాలో తేల్చుకోవడానికే సరిపోతుంది. అసలు కట్టడం మొదలయ్యే వేళకు గంట కొడితే, పిల్లలు దిమ్మెలతో ఏమీ చేయడం లేదని టీచర్ అనుకుంటారు.

పిండి ముద్దా, బంకమట్టా, ప్లాస్టిసినా?

మూడూ నొక్కి, పిసికి ఆకారం చేసేవే అయినా మూడూ చేసే పని ఒకటి కాదు.

పిండి ముద్ద మెత్తన. వేళ్లలో బలం ఇంకా రాని పిల్లలకు మొదట ఇదే ఇవ్వాలి. వండకుండా చేసేదైతే 2 కప్పుల మైదా, 1 కప్పు మెత్తని ఉప్పు, 1 టేబుల్ స్పూన్ నూనె, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు. నీళ్లు ఒక్కసారి పోయకండి. చివరి రెండు మూడు చెంచాలు పిండిని చూసి పోయాలి. అయిదు నిమిషాల్లో తయారవుతుంది గానీ కొద్ది రోజులకే ఉప్పురవ్వ తేలి, చెమ్మ పట్టి జిగటగా మారుతుంది.

వండినది ఎక్కువ కాలం ఉంటుంది: 2 కప్పుల మైదా, ముప్పావు కప్పు ఉప్పు, 2 కప్పుల నీళ్లు, 2 టేబుల్ స్పూన్ల నూనె, 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం. అడుగు మందం గిన్నెలో మధ్యస్థ మంట మీద ఆపకుండా కలపాలి. మొదట జావలా ఉంటుంది, తర్వాత గడ్డలు కడుతుంది, ఉన్నట్టుండి గిన్నె అంచులు వదిలి ఒక్క ముద్దగా చేరుతుంది. అక్కడే దించాలి. గడ్డలు చూసి భయపడి ముందే దించేస్తే చేతులకు అంటుకుంటుంది. ముద్దయ్యాక కూడా వేడి చేస్తే ఎండి పగులుతుంది. ఈ కొలతకు సుమారు 900 గ్రాములు వస్తుంది. తలా 150 గ్రాముల చొప్పున ఆరుగురికి సరిపోతుంది. అంతకంటే తక్కువ ఇస్తే పిల్లలు వేళ్ల కొసలతో చిదుపుతారు తప్ప అరచేతితో నొక్కరు. అసలు వ్యాయామం అరచేతిలోనే ఉంది.

రెండు జాగ్రత్తలు. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ, అందుకే రుచి చూసే అలవాటున్న పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలి. గోధుమ పడని పిల్లలు తరగతిలో ఉంటే మైదా ముద్ద అందరికీ మానేయాలి. ఆ ఒక్కరికే వేరే ముద్ద ఇస్తే చేతుల మీదుగా, బల్ల మీదుగా కలిసిపోతుంది. బియ్యప్పిండితో చేయొచ్చు, కాకపోతే సాగే గుణం ఉండదు కాబట్టి పాములా పేనితే తెగిపోతుంది.

బంకమట్టి గట్టిది, చల్లనిది, ఎక్కువ బలం అడుగుతుంది. నిజం చెప్పాలంటే మూడింటిలో నేర్పే గుణం దీనికే ఎక్కువ. సన్నగా లాగితే విరుగుతుంది, రెండు ముక్కలను ఊరికే ఆనిస్తే ఆరాక ఊడిపోతాయి. రెండు ముఖాలనూ పుల్లతో గీకి, నీళ్లలో కలిపిన మట్టి పులిమి అదిమితేనే అంటుకుంటాయి. ఆ గీకడం ఎందుకో మర్నాడు ఊడిన చేయి చూసి పిల్లలకు తెలుస్తుంది. పనయ్యాక చేతులు నేరుగా కుళాయి కింద పెట్టించకండి. ముందు బకెట్ నీళ్లలో కడిగించి, ఆ మట్టి అడుగున పేరుకున్నాక పై నీళ్లు వంపేయాలి; లేదంటే కాలువ పూడుకుపోతుంది. ఎండిన మట్టిని పొడి చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్లాస్టిసిన్ అంటే నూనె కలిసిన ఆటమట్టి; ఆరదు, నీళ్లలో కరగదు. రోజూ పెట్టే పనికి మిగతా రెండింటి కంటే వెనకబడినా, నీళ్లలో పెట్టే ప్రయోగాలకు ఇది తప్ప వేరే దారి లేదు. చల్లటి గదిలో గట్టిపడి పిల్లల వేళ్లకు లొంగదు. పది నిమిషాలు ముందు అరచేతుల్లో వెచ్చబెట్టి ఇవ్వాలి.

ఒక్కటే పెట్టగలిగితే: ఏడాది మొదటి సగం వండిన పిండి ముద్ద, రెండో సగం బంకమట్టి. అచ్చులు మాత్రం మొదటి రెండు వారాలు బయటికి తీయకండి. నక్షత్రం అచ్చు చేతికొస్తే పిల్లలు నక్షత్రాలు గుద్దుతూ కూర్చుంటారు, ముద్దను తిప్పి చూడరు.

నీళ్లు, ఇసుక, గింజలు

నీళ్లను మించిన సామాను లేదు, దాన్ని మించిన తలనొప్పీ లేదు. 60 × 40 సెంటీమీటర్ల టబ్బులో 8 సెంటీమీటర్ల లోతు నింపితే సుమారు 19 లీటర్లు. అంత నీటిని ఎత్తి పారబోయబోతే సగం నేల మీదే పడుతుంది. అడుగున తూము ఉన్న టబ్బు వెతకండి, లేదా చెంబుతో బకెట్లోకి తోడండి. తోడే పని పిల్లలకే ఇస్తే అదీ పాఠమే. కుళాయి దూరమైతే టబ్బు మానేసి, అంచులున్న ట్రేలు పెట్టి, ఒక్కొక్కరికి ఒకటిన్నర లీటరు చాలనుకోండి. టబ్బు అయినా ట్రే అయినా పని ముగిసిన వెంటనే ఖాళీ చేయాలి. కొద్ది సెంటీమీటర్ల నీళ్లూ చిన్నపిల్లలకు ప్రాణాంతకమే. నీళ్లున్న గదిలో పెద్దవాళ్లు లేని క్షణం ఉండకూడదు.

నీళ్లలో వేయడానికి బొమ్మలు వద్దు. ఒకే పరిమాణం పట్టే పొడుగు గ్లాసు, పొట్టి గిన్నె, గరాటు, చిల్లుల డబ్బా, స్పాంజి చాలు. పొడుగు గ్లాసులో ఎక్కువ పడుతుందని నమ్మే పిల్లలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పదేపదే పోసి చూస్తారు. ఆ సమయంలో జవాబు చెప్పెయ్యకండి.

ఇసుక నీళ్లంత త్వరగా జవాబివ్వదు గానీ చేసినది నిలబడుతుంది. పొడి ఇసుక పోయడానికి, తడి ఇసుక కట్టడానికి. రెండూ కావాలంటే రెండు ట్రేలు. నిలబడే కోటకు 8 కప్పుల ఇసుకకు 1 కప్పు నీళ్లు సరైన పాళం. ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే రాలిపోతుంది. పై కొలత టబ్బులోనే 10 సెంటీమీటర్లు నింపితే బరువు 40 కిలోల దరిదాపుల్లోకి వస్తుంది. బల్ల ఆ బరువు మోయగలదో లేదో ముందే చూసుకోవాలి. కట్టడాలకు వాడే ఇసుక తేవద్దు, అందులో సన్నని ధూళి ఉంటుంది. పిల్లల ఆటకని కడిగి జల్లించి అమ్మే ఇసుకే తీసుకోండి.

గింజల ట్రే చాలా తరగతుల్లో కనిపిస్తుంది. ఊడ్చేస్తే పోతుంది, బట్టలు తడవవు. మూతి ఉన్న చిన్న కూజాలోంచి మరోదాంట్లోకి పోయడం నేర్పడానికి ఇది మంచి తొలిమెట్టు: మొదట పెద్ద గింజలు, తర్వాత సన్నవి, ఆపైన నీళ్లు, కూజా ఎప్పుడూ మూడో వంతుకు మించకుండా. కానీ విడిగా ఆడుకోవడానికి ట్రే నిండా గింజలు పెట్టడం మాకు నచ్చదు. ఎండు గింజ ముక్కులోకో చెవిలోకో పోతే చెమ్మకు ఉబ్బి గట్టిగా ఇరుక్కుంటుంది. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ పూసలనైతే తరగతి గడప కూడా తొక్కనివ్వకండి. మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి.

కట్టుడు దిమ్మెలు

డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి.

విద్యావేత్త ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాట్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల సంస్థ మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టినప్పటి నుంచే చెక్క దిమ్మెలు ఈ చదువులో ఉన్నాయి. ఇప్పుడు తరగతుల్లో ఎక్కువగా వాడే కొలత విద్యావేత్త క్యారొలీన్ ప్రాట్ న్యూయార్క్‌లో రూపొందించినది: మూల దిమ్మె ఐదున్నర అంగుళాల పొడవు, దానిలో సగం వెడల్పు, వెడల్పులో సగం మందం. అంటే సుమారు 14, 7, 3.5 సెంటీమీటర్లు. దీని మహిమంతా ఆ 4:2:1 లోనే ఉంది. రెండు సగం దిమ్మెలు ఒక నిండు దిమ్మెకు సమానం, రెండు నిండు దిమ్మెలు ఒక జంట దిమ్మెకు సమానం. పొడవు దిమ్మెలు అయిపోతే పిల్లలు పొట్టివి రెండు తెచ్చి సరిపెడతారు. భిన్నాలకు పునాది అక్కడే పడుతుంది.

కాబట్టి కొనేముందు పరీక్షించాల్సింది రంగును కాదు, కొలతను. రెండు సగాలను నిండు దిమ్మె పక్కన పెట్టి అంచుకు వేలు రాయండి. మెట్టు తగిలితే వద్దు. ఒక్కో దిమ్మెలో 2 మిల్లీమీటర్ల తేడా ఉంటే పది పేర్చేసరికి 2 సెంటీమీటర్లవుతుంది. అప్పుడు గోడ కూలింది పిల్లలు తప్పు పేర్చినందుకు కాదు, దిమ్మె అబద్ధం చెప్పినందుకు. జవాబు నమ్మదగినది కాకపోతే దాంతో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఒకదానికొకటి బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుకలతో పోలిక తప్పదు. వాటిలో బిగింపే నిలబెడుతుంది, తూకం పిల్లలు చూసుకోనక్కర్లేదు. వంకరగా కట్టినా పడదు. వేళ్ల బలానికి, నమూనా చూసి కట్టడానికి అవి మేలు. బరువు, సమతూకం నేర్పడంలో చెక్కకు సాటిరావు. తీసుకుంటే పెద్ద రకమే తీసుకోండి: డ్యూప్లో ఇటుక మామూలు లెగో ఇటుకకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ రెట్టింపు ఉంటుంది, నాలుగేళ్ల వేళ్లకు ఊడదీయడం తేలిక. అట్ట దిమ్మెలు మనిషెత్తు ఇళ్లు కట్టడానికి బాగుంటాయి, మీద పడినా దెబ్బ తగలదు. అయితే ఒక్కసారి ఎవరైనా వాటి మీద కూర్చుంటే అంతే సంగతులు.

నలుగురు కలిసి కట్టాలంటే వంద చెక్క దిమ్మెలకు తగ్గకూడదు. తగ్గితే కట్టడం పోయి కాపలా కాయడమే ఆటవుతుంది. చోటు కనీసం 2 × 3 మీటర్లు, నడిచే దారికి పక్కగా, కింద దట్టమైన నూలు లేని పలచటి చాప లేదా కార్పెట్. అలమర ముందు 30 సెంటీమీటర్ల దూరంలో నేల మీద టేపు అంటించి, దాని లోపల ఎవరూ కట్టకూడదని చెప్పండి. ఈ ఒక్క గీత సగం గొడవలు ఆపుతుంది, ఎందుకంటే దిమ్మెల కోసం వచ్చేవాళ్లే ఎక్కువగా పక్కవాళ్ల కట్టడాన్ని తన్నేది. ఎత్తు కట్టేవారి భుజం దాటకూడదు. సర్దేటప్పుడు తలా ఒక ఆకారం అప్పగించి, అలమర అరల్లో ఆ ఆకారపు నీడబొమ్మ అతికిస్తే సర్దడం కూడా వర్గీకరణ పాఠమవుతుంది.

వేళ్ల పనులు: పూసలు, పట్టకారు, కత్తెర

పూసలు ఎవరి సాయం లేకుండా సాగే పని. 2 సెంటీమీటర్ల పూస, 5 మిల్లీమీటర్ల రంధ్రం, 50 సెంటీమీటర్లకు మించని తాడు. తాడు కొసకు 3 సెంటీమీటర్ల మేర టేపు బిగించి చుట్టాలి, మెత్తని కొస రంధ్రంలో ముడుచుకుపోతుంది. అవతలి కొసకు ముందే ఒక పూస ముడివేసి ఇవ్వండి. నమూనా చూపించి గుచ్చమంటే ఆ వరస కనీసం మూడుసార్లు కనపడాలి. ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అని రెండుసార్లకే ఆపితే అది నియమమని పిల్లలకు తోచదు. మూడేళ్ల లోపు తమ్ముళ్లూ చెల్లెళ్లూ వచ్చిపోయే గదిలో చిన్న పూసలు ఉంచకూడదు.

పట్టకారుతో దూది ఉండలు ఏరడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఐదు నిమిషాలకే వేళ్లు అలిసిపోతాయి. పూర్తి పనిగా కాక, వేరే పనిలో భాగంగా పెట్టండి.

కత్తెర మీద మాత్రం సమయం పెట్టాలి. మొద్దు మొన, పదునైన అంచు ఉన్నది కొనండి. అంచు కూడా మొద్దుగా ఉంటే కాగితం తెగక బ్లేడ్ల మధ్య మడతపడుతుంది, పిల్లలు తమకు రాదనుకుంటారు. మొదట 2 సెంటీమీటర్ల వెడల్పు దళసరి కాగితపు పట్టీలు, ఒక్క కత్తిరింపుతో తెగేలా. తర్వాత వెడల్పు పట్టీల మీద సరళరేఖ, ఆపైన వంపు, చివరికి మూల. పాత వార్తాపత్రికలు ఇవ్వొద్దు, పలచగా ఉండి వేలాడిపోతాయి. బొటనవేలు పైకి చూడాలి, కాగితాన్ని పట్టుకున్న చేయి తిరగాలి. ఎడమచేతి పిల్లలకు ఎడమచేతి కత్తెరే కావాలి. మామూలు కత్తెరను ఎడమచేత్తో పడితే చేతి ఒత్తిడి బ్లేడ్లను దగ్గరకు కాక దూరంగా నెడుతుంది, పైగా గీత బ్లేడు చాటుకు పోతుంది.

లెక్కకు, అక్షరానికి

లెక్కించడానికి ఒకే రంగు గుండీలు గానీ, ఒకే రకం గులకరాళ్లు గానీ మేలు. ముద్దుగా ఉండే జంతువుల బొమ్మలిస్తే పిల్లలు లెక్క మరిచి వాటితో కథ ఆడతారు. ఆ ఆట మంచిదే, లెక్కల వేళకు కాదు. గుండీలను కుప్పగా ఇచ్చి ఎన్నో చెప్పమంటే ఒకదాన్నే రెండుసార్లు లెక్కిస్తారు. అట్ట మీద అయిదేసి గళ్లు రెండు వరసలు గీసి, గడికొకటి పెట్టమనండి. ఖాళీ గడి, పక్కన మిగిలిన గుండీ తప్పును చూపిస్తాయి. పై వరస నిండి కింద రెండున్నాయంటే ఏడని కొద్ది వారాల్లో చూడగానే చెబుతారు.

అక్షరాలు దిద్దడానికి గరుకు కాగితపు అక్షరం, ఇసుక ట్రే రెండింటిలో మొదటిది ముందు. వేలు దారి తప్పితే నునుపు తగిలి తెలుస్తుంది. ఏ వైపు నుంచి మొదలెట్టాలో మాత్రం అది చెప్పలేదు. మొదటిసారి పక్కన కూర్చుని చూపించాలి, లేకపోతే తిరగబడిన మలుపే చేతికి అలవాటవుతుంది. ఇసుక ట్రే ఉన్నది అక్షరాన్ని చూడకుండా, గుర్తు తెచ్చుకుని రాయడానికి. ట్రే అడుగు ముదురు రంగులో ఉండాలి, ఇసుక 3 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే. లోతెక్కువైతే గీసిన గాడిలోకి ఇసుక తిరిగి జారి అక్షరం కనపడదు. వర్క్‌షీట్ ఈ రెండింటి తర్వాతే.

చిన్న ప్రయోగాలు

మునకా తేలడమా అన్నది అందరూ చేయించేదే. వస్తువులు వేసి చూసి ఊరుకుంటే పది నిమిషాల్లో అయిపోతుంది. ముందు ఊహ చెప్పించి, వస్తువును ఆ ఊహ వైపు పెట్టించి, అప్పుడు నీళ్లలో వేయించండి. మూత బిగించిన ఖాళీ సీసా, అదే సీసా నిండా నీళ్లతో. పొడి స్పాంజి, నానిన స్పాంజి. 50 గ్రాముల ప్లాస్టిసిన్ ఉండ, అంతే ప్లాస్టిసిన్‌తో చేసిన పడవ. ఉండ మునిగి పడవ తేలడం చూశాక బరువైనవి మునుగుతాయి అన్న మాట పిల్లల నోటే మారుతుంది. పడవ అంచులు ఎత్తుగా, గోడలు పలచగా లేకపోతే మునుగుతుంది. ఇక్కడ పిండి ముద్ద వాడితే కరిగి నీళ్లు పాలయిపోతాయి.

విత్తనాల్లో పెసలు చిక్కుడు కంటే నయం: ఒకటి రెండు రోజుల్లో మొలకెత్తుతాయి, చిక్కుడుకు వారం దాకా పట్టొచ్చు. దూది తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు; గాలి అందక గింజ కుళ్లుతుంది. పొలంలో వేసేందుకు మందు పట్టించిన విత్తనాలు ముట్టుకోనివ్వకండి.

అయస్కాంతం పెద్దది, చేతినిండా పట్టుకునేది ఒక్కటి చాలు. చిన్నచిన్న బలమైన అయస్కాంతాలు రెండు మింగితే పేగు గోడలను మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి, రంధ్రం పడుతుంది.

ఏవి ముందు, ఎప్పుడు మార్చాలి

కుళాయి దగ్గరగా, ఇద్దరు పెద్దవాళ్లు ఉన్న గదికి చెక్క దిమ్మెలు, నీళ్లు, పిండి ముద్ద ముందు. బంకమట్టి, కత్తెర రెండో నెల నుంచి. పాతికమందికి ఒక్కరే ఉండి కుళాయి లేకపోతే దిమ్మెలు, పూసలు, పిండి ముద్ద, గళ్ల అట్ట. నీళ్లను ఆరుబయట పెట్టగలిగిన రోజుకు వాయిదా వేయండి. ఇరుకు గదిలో పెద్ద దిమ్మెల పెట్టె కొని మూల పెట్టడం కంటే, బల్లలు రెండు తీసేసి దిమ్మెలకు చోటివ్వడం మంచి బేరం.

పిల్లలు అదే గోపురం రోజూ కడుతున్నారంటే విసుగు పుట్టిందని కాదు. ప్రతిరోజూ కొద్ది తేడాతో కడుతున్నారేమో చూడండి. వస్తువును విసరడం, వాడకూడని పనికి వాడడం, పది నిమిషాల్లోపే లేచిపోవడం రెండు మూడు రోజులు వరసగా కనిపిస్తే అప్పుడు మార్చాలి. అప్పుడూ సామాను మొత్తం కాదు. నీళ్ల టబ్బులో ఒక గొట్టం, దిమ్మెల్లో ఒక పలక, పిండి ముద్ద దగ్గర ఒక చపటా పుల్ల చేర్చి రెండు రోజులు చూడండి. ఒకేసారి రెండు చేరిస్తే పిల్లలను మళ్లీ కూర్చోబెట్టింది ఏదో మీకు తెలియదు.